సున్నా రావాల్సిన చుక్క

“సున్నా రావాలి కదమ్మాయ్?” అన్నాడు వెండెల్, మోచేతి మీద దూది అదుముకుంటూ.

తెర మీద సున్నా పాయింట్ ఎనిమిది అని ఉంది. బోగ్లార్కా కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

హంగరీలో సెగెడ్ నగరంలోని ఆ ప్రయోగశాలలో ఆమె ఐదేళ్ల కష్టమంతా గోరంత ప్లాస్టిక్ పొర. మానసిక వ్యాధికి లిథియం మాత్రలు వాడేవాళ్ల రక్తంలో లిథియం ఎంతుందో అది ఒక్క చుక్కతో ఇట్టే పట్టేస్తుంది. మోతాదు మించితే విషమే కాబట్టి వాళ్లకి తరచూ ఆ పరీక్ష తప్పదు. మాత్రలు వాడనివాళ్ల రక్తానికి మాత్రం సున్నా చూపాలి. పొద్దున్నుంచీ పన్నెండు మంది రోగుల లెక్క పొల్లుపోకుండా చెప్పింది. ఇక ఆరోగ్యవంతుడి రక్తం ఒక్కటీ చూపిస్తే గ్రాంటు వచ్చేసినట్టే అనుకుంటుండగా, ఆ గ్రాంటు ఇచ్చే కమిటీ పెద్ద వెండెల్ “నాది తీసుకోండి” అంటూ చొక్కా చెయ్యి మడిచాడు. డెబ్బై ఏళ్ల మొండిఘటం. ముందు పెట్టిన పొగాచా ఉప్పురొట్టెలు ముట్టలేదు, ఒక్క మంచిమాటా అనలేదు.

“ఆకుపచ్చ మూత గొట్టంలో తీశావా ఏంటి, కొంపతీసి?” చెవిలో గొణిగాడు తోటి పరిశోధకుడు జోంబోర్. ఆ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే మందులోనే లిథియం ఉంటుంది. ఈ పనిలో ఎంతమంది పరువు తీసిందో ఆ మూత.

బోగ్లార్కా గొట్టం లాగి చూసింది. మూత ఎర్రదే.

“ఒక్క చుక్క, వేలినుంచి ఇస్తారా ప్రొఫెసరు గారూ?”

“కావాలంటే పదివేళ్లూ పొడుచుకో. సున్నా ఎక్కడినుంచి తెస్తావో చూస్తాను.”

కొత్త పొర బిగించింది. చుక్క నేరుగా దాని మీదే పడింది. అంకెలు గిరగిరా తిరిగాయి. సున్నా పాయింట్ ఎనిమిది.

కమిటీలో మిగతా ఇద్దరూ ఫైళ్లు మూసేశారు.

“పొర చెడిందని ఒప్పేసుకో,” జోంబోర్ ఆమె మోచెయ్యి గిల్లాడు. “నెల గడువు అడుగు. ఆ పెద్దాయనతో పెట్టుకోకు, నీకు పుణ్యముంటుంది.”

ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పొర చెడిందంటే పొద్దుటి పన్నెండు లెక్కలూ గాలివాటంగా కుదిరినవేనా? ఆమె తెర వైపే చూస్తూ అనేసింది.

“పొర బాగానే ఉందండీ. ఈ రక్తంలో లిథియం ఉంది.”

“అంటే నాకు మతి చెడిందంటావా?” వెండెల్ లేచి నిలబడ్డాడు.

“నేనేమీ అనడంలేదు ప్రొఫెసరు గారూ. నా పొర అంటోంది.”

“ఇంకోసారి ఆలోచించుకో. గ్రాంటు పోతుంది.”

“పోతే పోనివ్వండి. అంకె మాత్రం మార్చను.”

వెండెల్ ఆమెను ఎగాదిగా చూశాడు. కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, తెర పక్కన పెట్టాడు. ఆ పొద్దుటి ఆసుపత్రి చీటీ అది. పైన ఓర్దష్ వెండెల్ అని పేరు, కింద లిథియం, సున్నా పాయింట్ ఏడు తొమ్మిది.

“పదకొండేళ్లుగా పొడిపించుకుంటున్నాను, ఇక నరం సులువుగా దొరకడంలేదు తల్లీ,” అన్నాడు. “మొదటి యంత్రం నాకే ఇవ్వు.”