టోపీ పలికిన మాట

"పోనీ" అనే చిన్న మాటకు అసలు అర్థమేమిటి? ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

అవనిగడ్డ దైవాధీనం గారికి పక్షవాతంతో కనురెప్ప కూడా కదలదు. మనసులో అనుకున్న అక్షరాన్ని పసిగట్టి కంప్యూటరు తెరమీద చూపించే టోపీని పరీక్షించడానికి, మా యూనివర్సిటీ తరఫున వాళ్లింటికి వెళ్లాను. ఆయన తలనిండా వైర్లు చూసి భార్య కృపావతి నవ్వింది.

"పెళ్లినాడు కూడా మీకింత అలంకారం లేదండీ."

"మీకు తోచింది చెప్పండి సార్" అన్నాను.

ఒక్కో అక్షరానికీ చాలాసేపు పడుతుంది. కృపావతికి అంత ఓపికెక్కడిది? మంచం దగ్గరకు జరిగి ఆయన ముఖం మీదికి వంగింది.

"ఏమండీ, మీ స్కూటరు మా తమ్ముడికిచ్చేశాను. కోపమా?"

కాసేపటికి తెరమీద "పోనీ" అని పూర్తయింది.

ఆవిడ నవ్వుతూనే కళ్లొత్తుకుంది. "చూశారా మేడమ్, నేనేం తగలేసినా ఈయన అనే మాట అదొక్కటే. మనిషి ఏం మారలేదు."

నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా మరో అక్షరం రాలేదు.

కానీ ఆవిడ స్కూటరు మాట ఎత్తకముందే తెరమీద "పో" పడింది. ఆవిడ చూడలేదు, నేను చూశాను.

ఆయన పోనీలే అన్నారో, నన్ను పోనీయండి అనబోయారో నాకిప్పటికీ తేలలేదు. ఆవిడకు చెప్పాలో వద్దో కూడా.