ఉన్నది ఉన్నట్టు

“మూత తియ్యి చిట్టీ, వెలుతురు పోతోంది,” అన్నాడు బావ, కెమెరాలోంచి కన్ను తియ్యకుండానే.

చిట్టి ఐసుపెట్టె మూత తీసింది. సరస్సు చుట్టూ తిరిగే అడవిదారిలో పొద్దుటినుంచీ ఆ పెట్టె మోసింది తనే. లోపల అన్నం డబ్బాలుంటాయనుకుంది. మంచుగడ్డల మధ్య ఒక పచ్చకప్ప వెల్లకిలా పడి ఉంది. ప్రాణం ఉంది గానీ కాళ్ళు కొయ్యబారిపోయాయి.

“ఛీ! ఇదేంటి బావా?”

“మోడలు. చలికి మొద్దుబారితే చెప్పినట్టు కూర్చుంటుంది. ఆ తామరాకు మీద పెట్టి కాళ్ళు లోపలికి మడువు. ఆఁ, అలాగ. ఇప్పుడా సీసాతో కాస్త వాన చల్లు.”

వేళ్ళకి జిగట అంటుకుంది. చిట్టి వాటిని గడ్డికి రుద్దుకుంది.

అక్క పెళ్ళయిన దగ్గర్నుంచీ బావ ఫొటోలే ఆమెకి బడి. వానలో నవ్వుతున్నట్టుండే కప్పనీ, రెక్కలు విప్పి కూర్చున్న సీతాకోకచిలుకనీ తన గది గోడకి అంటించుకుంది. అలాంటిది ఒక్కటి తీస్తే చాలు, జన్మ ధన్యం అనుకునేది. ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్ళని బావ ఈ దారుల వెంట తిప్పుతాడు. వాళ్ళు రేపు వస్తారనగా “నువ్వూ రా, పని నేర్చుకుందువు గాని” అంటే ఎగిరి గంతేసి వచ్చింది.

నేర్చుకున్నదేమిటి? బావ సంచిలో సీతాకోకచిలుక రెక్కల్ని కొమ్మకి అంటించే జిగురు ఉంది. దారిలో వంతెన దాటాక, గద్దకి ఎరగా బావ కుళ్ళబెట్టిన చేపపేగులు పడి ఉన్నాయి. ఆ కంపుకి ఆమె ముక్కు మూసుకుంటే బావ నవ్వాడు.

“కంపు ఫొటోలో పడదులే.”

“ఇది మోసం కాదా బావా?”

“పెళ్ళికూతురికి పౌడరు రాయరూ? అదీ మోసమేనా?”

“పెళ్ళికూతుర్ని ఐసులో పెట్టరు బావా!”

పని కాగానే కప్పని నీళ్ళలో వదిలింది. అది ఈదలేదు. తెల్లటి పొట్ట పైకి తేలింది. బావ అటు చూడను కూడా చూడలేదు, ఫొటో బాగా వచ్చిందో లేదో చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చి ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నా చేతులకి ఆ వాసన వదల్లేదు. ముద్ద నోట్లో పెట్టబోతే డోకొచ్చింది. గోడమీది ఫొటోలు చించి చెత్తబుట్టలో వేసింది. అక్కతో చెబితే, “నీకెందుకే ఈ గొడవంతా?” అంది అక్క, కొత్త సంగతేమీ కానట్టు. అది మరీ రోతగా అనిపించింది.

ఫొటోగ్రాఫర్ల సంఘంలో చూసిందంతా చెప్పేసింది చిట్టి. బావ కాదనలేకపోయాడు. సంఘం ఆయన పేరు కొట్టేసింది. ఆయన వెంట అడవికి వచ్చేవాళ్ళు మానేశారు.

“నోటి దగ్గర కూడు లాగేశావు కదే! చెల్లెలివా, శత్రువువా?” అని అక్క తలుపేసుకుంది. 

ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. చిట్టి కూడా తట్టలేదు. పట్టుదలగా ఒక్కతే దారులన్నీ తొక్కింది. ఎర వెయ్యలేదు, పిట్టల్ని రప్పించడానికి దొంగకూత కుయ్యలేదు. నెలల తరబడి ఆమెకి దక్కినవి పారిపోతున్న తోకలూ, ఖాళీ కొమ్మలూ.

చివరికి ఒక వేకువన, జనం నడవడం మానేసిన పాతదారి చివర కనిపించింది. రెల్లు పక్కన, పొగమంచులో, కొమ్ముల దుప్పి. తిన్నగా ఆమె వంకే చూస్తోంది. చిట్టి ఊపిరి బిగబట్టింది. ఒక్క అడుగు ముందుకేసినా బెదురుతుందని ఉన్నచోటే మోకాళ్ళమీద కూర్చుని తీసింది. తీశాక మునివేళ్ళ మీద వెనక్కి నడిచింది. తిరిగి చూస్తే అది ఇంకా అక్కడే ఉంది. ‘నన్ను నమ్మింది’ అనుకుంది. కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ ఏటి పోటీలో మొదటి బహుమతి ఆ ఫొటోకే వచ్చింది. హాల్లో గోడంత పెద్దది చేసి పెట్టారు. అందరూ వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నా, దాని ముందు ఒక మనిషి నిలబడిపోయాడు. బావ. చిక్కిపోయాడు. పక్కన అక్క.

“ఎంతసేపు నిలబడింది చిట్టీ?”

“నేనున్నంతసేపూ.”

“చెవైనా కదపలేదూ?”

“బెదరగొట్టేవాళ్ళుంటే కదిపేదే.”

ఆ దెబ్బ బావకి తగిలింది. తల దించుకున్నాడు. “నిజమే. ఇన్నేళ్ళలో నా ముందు ఒక్క ప్రాణీ అలా నిలబడలేదు. నువ్వు అబద్ధమాడుతున్నావేమో చూద్దామనే వచ్చాను. ఇంటికెళ్ళగానే ఆ ఐసుపెట్టె, జిగురు అన్నీ పారేస్తాను.”

అక్క చిట్టి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

చిట్టి వేదికెక్కింది. మైకు అందుకుంది. “అడవిలో జంతువుని చంపితే వేటగాడంటాం. చంపి ఫొటో తీస్తే కళాకారుడంటాం. వాళ్ళని తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం సయించదు. అడవి తనంతట తను చూపించిందే చూడండి. ఉన్నది ఉన్నట్టు తియ్యండి.”

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా బావ కొట్టాడు.

ముఖ్య అతిథి అటవీశాఖ అధికారి అప్పుడే హడావిడిగా లోపలికొచ్చాడు. బహుమతి అందిస్తూ గోడ వంక చూసి ఆగాడు. మళ్ళీ చూశాడు. ఎవరికీ వినపడకుండా చిట్టి చెవి దగ్గరికి వంగాడు.

“అది వేటగాళ్ళని పట్టడానికి మేం నిలబెట్టిన బొమ్మమ్మా.”