నల్లకంకర

"ఈ రాయి చెల్లదు."

ఓవర్సీర్ త్రికోటేశ్వరరావు కంకర కుప్పను బూటుకాలితో తన్నాడు. మూడు రోజులు ఎండలో కూర్చుని ఆ కుప్ప కొట్టిన నాగమ్మ తన అరచేతులు చూసుకుంది. బొబ్బలు మాత్రం బాగానే చెల్లాయి.

అది 1946. యుద్ధం ముగిసి పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీలు చల్లారాయి. వానలు మొహం చాటేశాయి. గురజాల అవతల ఉన్న ఆ పల్లెలో ఏ ఇంట్లోనూ గింజ లేదు. అప్పుడు సర్కారువారికి జాలి కలిగింది. వారం రోజుల కరువు పని మంజూరు చేశారు. రోడ్డు వేయాలి. వంద గజాలు. ఊరి చివర మొదలై ఒక బీడు చేలో ఆగిపోయే రోడ్డు. ఎక్కడికి పోతుందని అడగకూడదు. జనానికి పని కల్పించడం ముఖ్యం.

"చెల్లకపోవడమేంది బాబయ్యా? మా కాడ ఉండేది ఈ తెల్లరాయేగా!" అంది నాగమ్మ.

"కింద ఎంతైనా పోసుకోండి. పై పొరకి నల్లరాయే ఉండాలని ఎస్టిమేటులో ఉంది. మనిషికి రెండు తట్టల నల్లకంకర. అది పోస్తేనే చీటీ. చీటీ ఉంటేనే శనివారం కూలి డబ్బులు."

"నల్లరాయి కొండ పన్నెండు మైళ్లు గదయ్యా! బండెద్దులు ఎప్పుడో సచ్చిపోయినయ్యి."

"ఎద్దుల సంగతి ఎస్టిమేటులో లేదు."

నాగమ్మ ఇంటికి పోయింది. మామ ఆదెయ్య మంచంలో ఉన్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. నాలుగు రోజులుగా చింతచిగురు ఉడికించిన నీళ్లే తాగుతున్నాడు. అతని కొడుకు పని వెతుక్కుంటూ బెజవాడ పోయి మూడు నెలలైంది, ఉత్తరం ముక్క లేదు. శనివారం డబ్బులొస్తే గురజాల కొట్లో నూకలు కొనాలి, జావ కాయాలి. అంతదాకా ముసలాడి ప్రాణం నిలవాలి. నాగమ్మ ఆలోచన అంతకు మించి ముందుకు పోలేదు.

ఆ సాయంత్రం పెరట్లో సమ్మెట దెబ్బలు వినిపించాయి.

"ఏమే, ఆ చప్పుడేంది?" అన్నాడు ఆదెయ్య.

"ఏం లేదులే మావా. పడుకో."

మర్నాడు నాగమ్మ రెండు తట్టల నల్లకంకర తెచ్చి పోసి, చీటీ పుచ్చుకుంది. పక్కింటి నాంచారమ్మ కళ్లు పెద్దవి చేసింది.

"యాడిది ఒదినా?"

నాగమ్మ చెవిలో చెప్పింది. నాంచారమ్మ "ఓయమ్మో!" అని నోరు నొక్కుకుంది. పొద్దుగూకే లోపల ఆమె కూడా రెండు తట్టలు తెచ్చింది. శుక్రవారానికి ఊరు ఊరంతా తెచ్చింది. పై పొర పడింది. ఎక్కడిదని ఓవర్సీర్ అడగలేదు. అడగమని కూడా ఎస్టిమేటులో లేదు మరి.

ఆ రాత్రికే స్పెషల్ ఆఫీసరు కారులో దిగి ఊరి బయట డేరాలో పడుకున్నాడు. ఇంగ్లీషు సీమలో అర్థశాస్త్రం చదివొచ్చిన మహానుభావుడు. పొద్దున లేచి ఒళ్లు విరుచుకున్నాడు.

"రెండేళ్ల కిందట ఇక్కడ క్యాంపు వేస్తే తెల్లవారుజామున ఊరంతా ఒకటే రొద. కన్ను మూతపడలేదు. ఇవాళ చీమ చిటుక్కుమంటే ఒట్టు! పని దొరికితే జనం ఎంత నిశ్చింతగా నిద్రపోతారో చూశారా?"

"తమరి చూపే చూపు సార్," అన్నాడు ఓవర్సీర్.

ఆఫీసరు రోడ్డు తనిఖీ చేశాడు. రెండు నిమిషాలు పట్టింది. వంగి ఒక కంకర ముక్క తీశాడు. ఒకవైపు నున్నగా ఉంది, సన్నగా గాట్లున్నాయి.

"కృష్ణ నీటి కోత సార్," అన్నాడు ఓవర్సీర్ తడుముకోకుండా.

"అబ్బ! లక్షల ఏళ్లు పట్టి ఉంటుంది!" ఆఫీసరు ఆ ముక్కను భద్రంగా కోటు జేబులో వేసుకున్నాడు. నాగమ్మ ఏదో అనబోయింది. నాంచారమ్మ మోచేత్తో పొడిచింది.

తర్వాత ఉపన్యాసం.

"సర్కారు ఖర్చు పెడితే పని పుడుతుంది. పనితో కూలి, కూలితో కొనుగోలు, కొనుగోలుతో బజారు లేచి నిలబడతాయి. అయితే డబ్బు చేతికిస్తే మీరు లేపేది కల్లుపాకని. అందుకని కూలి గింజల్లోనే ఇస్తున్నాం. ఓడలో మొక్కజొన్నలు తెప్పించాం. రాయి లాంటి గింజ! మెత్తగా విసురుకుని జావ కాచుకోండి. ముసలివాళ్లకి మంచి బలం."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మరీ ఆనందమేస్తే వీళ్లకి నోట మాట రాదు సార్," అన్నాడు ఓవర్సీర్.

నాగమ్మ ముందుకొచ్చింది. "దొరా, నీ కాళ్లు పట్టుకుంటా. మాకు డబ్బులే ఇప్పియ్యి. ఈ గింజలొద్దు."

"చూశారా? తిండి ఇస్తామంటే వద్దంటోంది. కల్లు మీద ఎంత మోజో!" ఆఫీసరు పకపకా నవ్వి కారెక్కాడు. కారు కొత్త రోడ్డు చివరిదాకా పోయి, అక్కడ దారి లేక వెనక్కి తిరిగి వచ్చి వెళ్లిపోయింది.

నాగమ్మ గింజలు చెంగున కట్టుకుని ఇంటికొచ్చింది. ఆ గలగల విని ఆదెయ్య మొహం వెలిగింది. ఎక్కడినుంచి వచ్చిందో ఓపిక, పాక్కుంటూ పోయి పొయ్యి ముట్టించాడు.

"గింజలేనా తల్లీ? చానా రోజులైంది ఆ చప్పుడు విని. ఒక్క గుప్పెడు విసిరి ఇంత జావ కాయవే, బతుకుతా."

నాగమ్మ మూట ఒళ్లో పెట్టుకుని గడప మీదే కూలబడింది: తన తిరగలితో మొదలుపెట్టి ఊళ్లోని తిరగళ్లన్నీ, రోళ్లన్నీ నల్లకంకరగా మారి ఆ వంద గజాల రోడ్డు మీద పరుచుకుని ఉన్నాయి.