దాటేసిన వాక్యం

"ఆగు. అక్కడో వాక్యం దాటేశావు," అంది వదిన కాగితం మీద వేలు పెట్టి.

నర్సింగు చదువుతున్న ఆడపడుచు చదవడం ఆపి తలెత్తింది. పసిపిల్లలు నిద్రలోనే ఎందుకు చనిపోతారో కారణాలు విశ్లేషిస్తూ కాలేజీ కోసం తను రాసిన వ్యాసం అది. వద్దన్నా వినకుండా చదివి వినిపించమన్నది వదినే. ఆమె మూడు నెలల బిడ్డ పోయిందీ నిద్రలోనే.

"అది అంత ముఖ్యం కాదులే వదినా."

"చదువు."

"మెత్తటి దుప్పటి ముఖం మీదికి జారినా ఊపిరాడకపోవచ్చు..." చదివి, గబగబా అంది. "నీ తప్పేం లేదు వదినా! చాలామంది విషయంలో కారణమే తెలియదని కింద రాశాను."

"ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. చలేస్తుందని దుప్పటి కప్పింది అత్తయ్య," వదిన గొంతు తగ్గించింది. "వచ్చి వాడి ముఖం మీంచి తీసింది నేను. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. తెలిస్తే ఆవిడ బతకదు."

ఇన్నాళ్లూ ఆడపడుచు జాలిపడింది వదిన ఒక్కదాని మీదే.

ఇంతలో అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"గట్టిగా చదవవే, నేనూ వింటాను. నా బంగారుతండ్రి ఎందుకు పోయాడో నాకెవరూ చెప్పలేదు."

కూతురి కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి.

"కారణం తెలియదట అత్తయ్యా," అంది వదిన.