పాత కుండీలో కొత్త గులాబీ

నాయనా,

మొక్క మార్చిన సంగతి నీ భార్య తిరిగొచ్చాక కనిపెట్టదని నిన్న నేను వచ్చినప్పుడు ధీమాగా అన్నావు. పొరపాటు. పువ్వు రంగు కలిస్తే చాలదు. పాతదానికి ముళ్లు తక్కువ, దీనికి నా మాటలకున్నన్ని ఉన్నాయి.

"రోజూ నీళ్లు పోశానే, ఎందుకు చచ్చింది బామ్మా?" అని నన్నడుగుతావా? పూటకో బిందె పోస్తే చావక ఏం చేస్తుంది? గులాబీకి ఈత రాదు.

పెళ్లయిన కొత్తలో నువ్వు ఏరికోరి కొనిచ్చిన మొక్క కదా, పుట్టింటి నుంచి వచ్చి చూస్తే ఏడుస్తుందని నీ భయం. ఏడవదు. కనిపెట్టినా నోరెత్తదు. నువ్వు కొనిచ్చింది ఆ వేసవిలోనే ఎండిపోయింది. "ఆయన బాధపడతారు, చెప్పకండి బామ్మగారూ" అంటూ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, అదే రంగుది తెచ్చి అదే కుండీలో నాటింది. ఇన్నాళ్లూ నువ్వు చూసి మురిసింది దాన్నే.

శనివారం మీ ఆవిడ బస్సు దిగేలోగా కొమ్మకు వేలాడుతున్న నర్సరీ చీటీ కత్తిరించు. అప్పట్లో ఆవిడా అది మరిచిపోతే నేనే తీశాను. ఈసారి నా నడుము వంగదు. చీటీతోపాటు ఈ కార్డునూ చించెయ్.

బామ్మ