చీటీ రాయని బిళ్ళ

"నాకొద్దమ్మా. ఇంటికి తీసుకోని పో."

ఆ మాట అమోసు గాజుపెట్టె వైపు చూస్తూ అన్నాడు, ఎదురుగా నిలబడ్డ ముసలామె మొహం చూడకుండా. ఆమె అరచేతిలో ఒక ఇత్తడి బిళ్ళ ఉంది. దాని నడుమ 1840 అని నెంబరు.

పక్క బల్ల మీద మైసూరు రాజుల నాటి ఏనుగు కాసులు పేర్చుకుంటున్న నంజుండప్ప నోరు తెరిచాడు. కోలారులో నాణేల ప్రదర్శన పెట్టినప్పుడల్లా ఈ ఇద్దరి బల్లలూ పక్కపక్కనే ఉంటాయి. కె.జి.ఎఫ్. బంగారు గనిలో పనివాళ్లకిచ్చిన బిళ్ళ ఒకటి ఉందని తెలిస్తే చాలు, పాత సామాన్ల అంగడి ముందు పూటంతా పడిగాపులు కాసే మనిషి అమోసు. అలాంటివాడు, కాళ్లొచ్చి నడిచి వచ్చిన బిళ్ళను వద్దంటున్నాడు!

"అన్నా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఇంగ గంటలో జడ్జీలు వస్తారు. పోయినసారే ఒక్క మార్కులో ప్రైజు పోగొట్టుకుంటివి."

"ఎనభై బిళ్ళలు ఉండాయి. చాలు."

ఎనభై బిళ్ళలూ నల్లగుడ్డ మీద వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కింద ఒక చీటీ. అది ఎవరి బిళ్ళ, ఏం పని చేసేవాడు, ఏ షాఫ్టులో దిగేవాడు, అన్నీ అమోసు గని పనివాళ్లుండే లైన్ల వెంట ఇల్లిల్లూ తిరిగి కనుక్కుని తన చేత్తో రాసినవే. చివరి వరుసలో ఒక్కదాని కింద మాత్రం చీటీ ఖాళీగా ఉంది. పోయినసారి ఆ ఒక్క మార్కూ తెగ్గోసింది ఆ చీటీకే. ఎవరిదో తెలియలేదని అప్పుడు జడ్జీలతో అన్నాడు అమోసు.

ముసలామె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పేరు ఆదిలక్ష్మమ్మ అంది. చాంపియన్ రీఫ్స్ నుంచి పొద్దున్నే బస్సెక్కిందట. వచ్చీ రాగానే పావుగంట సేపు గాజు మీద వేలు పెట్టి ఒక్కో నెంబరూ చదువుకుంది. ఆ తరువాతే కొంగుముడి విప్పింది.

"నాకు దుడ్లేమీ వద్దప్పా. ఇది మా ఆయప్పది, నా మొగునిది. ఆయన ఒంటి మీద దొరికింది ఇదొకటే."

"ఏమయిండె అవ్వా ఆయనకు?" అని నంజుండప్ప తన కాసులు వదిలేసి వచ్చాడు. ప్రదర్శన చూడవచ్చిన నలుగురైదుగురు కూడా మూగారు.

"గనిలోకి దిగేటప్పుడు బిళ్ళ తీసుకోవాల. పైకొచ్చినాక బోర్డుకు తగిలించాల. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపలే ఉండాడని లెక్క. ఆ పొద్దు షిఫ్టు విడిచినాక ఒక మేకు ఖాళీగా ఉండె. ఎవురో చిక్కుకున్నాడని వెతికేదానికి నలుగురు దిగినారు. ఎవురూ పిలవకముందే మా ఆయప్ప వాళ్లకన్నా ముందర నిలబడినాడు. వెతకతా ఉండంగా రాయి పేలి మీద పడె."

"అయ్యో! మరి ఆ చిక్కుకున్నోడు?"

"ఎవురూ చిక్కుకోలేదప్పా. ఆ మనిషి బిళ్ళ జోబీలో ఏసుకోని మ్యాట్నీకి పోయిండె."

"థూ!" అన్నాడు నంజుండప్ప. "వాడూ ఒక మనిషేనా? అట్లాంటోడి మొగం చూస్తే పాపం తగుల్తాది. ఆఫీసోళ్లు వాని పేరు చెప్పలేదా అవ్వా?"

"లైన్లలో కొట్టుకుంటారని చెప్పలేదు. నెంబరు మాత్రం చెప్పినారు."

అమోసు గాజు తుడుస్తున్నాడు. తుడిచినచోటే మళ్లీ తుడుస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేనంత సిగ్గుగా ఉంది అతనికి. ఇంత పెద్ద కథ ఉన్న బిళ్ళను తెలియక కాదన్నాడు కదా, అందుకే సిగ్గుపడుతున్నాడని చుట్టూ ఉన్నవాళ్లు అనుకున్నారు.

"ఇప్పుడన్నా తీసుకోన్నా," అని నంజుండప్ప మోచేత్తో పొడిచాడు. "జడ్జీలకు ఈ సంగతి నేను చెప్తా. ఫస్టు ప్రైజు ఇంగ నీదే!"

"ప్రైజు మాట ఎత్తొద్దు!"

హాలంతా తిరిగి చూసేలా అరిచాడు అమోసు. మరుక్షణమే అతని గొంతు పీలగా అయిపోయింది. "అమ్మా, దాన్ని ముట్టుకునే యోగ్యత నాకు లేదు. నీకు దండం పెడతా. తీసుకోని పో."

"నీకు మర్యాద కూడా లేదేమన్నా," అన్నాడు నంజుండప్ప. "ఆ వయసులో బస్సెక్కి వస్తే, పొమ్మంటావా?" మూగినవాళ్లలో ఒకాయన ముసలామెకు కుర్చీ లాగాడు. ఇంకొకాయన, ఇలాంటి మనిషిని ప్రదర్శనకు ఎందుకు పిలిచారని గొణిగాడు. అన్నీ వింటూనే నిలబడ్డాడు అమోసు.

ఆదిలక్ష్మమ్మ కూర్చోలేదు. ఆమె వేలు మళ్లీ గాజు మీదికి వచ్చింది. మొదటి వరుస దాటి, రెండో వరుస దాటి, నిదానంగా చివరి వరుసకు వచ్చి, ఖాళీ చీటీ మీద నిలిచింది. అమోసు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అందరి పేర్లూ ఇంత అందంగా రాసినావు. ఈ నెంబరుకు ఏంటికి రాయలేదప్పా?"

నంజుండప్ప ఒకసారి ఆ బిళ్ళను, ఒకసారి అమోసును చూసి, మోచెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె తన బిళ్ళను అమోసు చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"బేజారు పడొద్దప్పా. దీన్ని ఆ బిళ్ళ పక్కనే పెట్టు. నిన్ను వెతుక్కుంటానే గదా పోయినాడు, దొరికినావని ఆయప్పకు తెలియనీ."