ఎయిర్ పట్టిన బండి

"బండి ఆపేసినావేందే తల్లీ? లోపలున్నోడు ఏమైపోవాల?" ఆ వీధి పంకజం కింది నుంచి కేకలు పెట్టింది.

కార్తిక ఆపలేదు. పొక్లెయినే ఆగిపోయింది.

కోసపాళయం కాలవ పక్కన, వానకు నానిన పాత గోడ కాంక్రీటు దిమ్మతో సహా కూలింది. రైన్‌కోటు టోపీ ముఖం మీదికి లాక్కుని పోతున్న మనిషెవరో కింద ఇరుక్కున్నాడు. లోపలి నుంచి రాయితో టక్కుటక్కుమని కొడుతున్నాడు. పదిమంది పట్టినా దిమ్మ కదల్లేదు. అక్కడున్నదల్లా కాలవ పూడిక తీస్తున్న కార్తిక బండి ఒక్కటే. ఆమె బండిని గట్టెక్కించి బకెట్ చాపింది. అంతే, ఇంజను దగ్గి చచ్చింది.

గట్టు వాలుకు బండి ఒరిగి, ట్యాంకు అడుగున ఉన్న డీజిల్ ఒక మూలకు జారింది. పైపు గాలి పీల్చేసింది. ఎవరో డబ్బాతో డీజిల్ తెచ్చి పోశారు. అయినా సెల్ఫ్ కొడితే ఇంజను తిరిగిందే గానీ అంటుకోలేదు. దారిలో గాలి అడ్డం కూర్చుంటే ట్యాంకు నిండా పోసినా చుక్క ముందుకు పోదు.

కార్తికకు బండి తోలడం వచ్చు. ఎయిర్ తీయడం ఎప్పుడూ వాళ్ళ నాయన ముని పని. ఆయన రిపేరు షెడ్డు దూరంగా విల్లియనూరులో. ఫోన్ చేసింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తని మనిషి మొదటి రింగుకే ఎత్తాడు.

"నైనా, బండికి ఎయిర్ పట్టింది! గోడ కింద మనిషుండాడు. యాడుండావు? సీక్రం రా!"

"నేను రాలేను పాపా." గొంతు సన్నగా వచ్చింది. "స్పీకర్లో పెట్టు. నేను చెప్తా, నువ్వు చెయ్యి."

"రాలేడంట! కుర్చీలో కూర్చొని పెత్తనం చేస్తాడంట!" టీకొట్టు వరదరాజన్ ఎగతాళి చేశాడు.

"ఆ అరిచే ఆయన్ని గొడుగు పట్టమను. డీజిల్లో వాన నీళ్ళు పడకూడదు. నోరు ఊరికే పోతా ఉంది గదా, చేతికన్నా పనుంటది."

వరదరాజన్ గొడుగు తెచ్చి పట్టాడు.

"ఫిల్టర్ తల మీద స్క్రూ ఉంటది. వదులు చెయ్యి, ఊడదీయొద్దు. పక్కన చేతి పంపు. కొట్టు."

కొట్టింది. స్క్రూ పక్క నుంచి నురగ బుసబుసా పొంగింది.

"పొంగనీ. బుడగ లేకుండా దారం మాదిరి డీజిల్ వచ్చేదాకా కొట్టు. వచ్చినాక పంపు అదిమి పట్టుకునే స్క్రూ బిగించు. ముందే చెయ్యి వదిలినావంటే మళ్ళా గాలి మింగతాది."

అప్పుడే పంకజం గోడ దగ్గర నుంచి గుండెలు బాదుకుంది. "చప్పుడు ఆగిపాయె! ఇంతసేపూ రాయితో కొడతా ఉండె. పోయినట్టుండాడు!"

కార్తిక చేతిలోని స్పానర్ ఠంగుమని జారిపడింది.

"పోలా," అన్నాడు ముని. "స్పానర్ తీసుకో."

"నీకెట్ల తెలుసు నైనా?"

"అంత సులభంగా పోడులే. ఇంజన్లోకి పోయే నాజిల్ పైపుల నట్లు కొంచెం వదులు చెయ్యి. ఆ ఏడ్చే అక్కను క్యాబిన్ ఎక్కి సెల్ఫ్ కొట్టమను."

పంకజం చీర దోపుకుని ఎక్కింది. సెల్ఫ్ కొట్టింది. నట్ల సందుల్లోంచి డీజిల్ తుంపర్లు ఎగిరి కార్తిక మొహాన పడ్డాయి. ఒక్కొక్క నట్టే బిగిస్తూ పోయింది. ఇంజను అంటుకుంది, కానీ కుంటుతోంది.

"కడాకరు నట్టు, ఆ చివరిది, ఇంకా ఉమ్మతా ఉంది. బిగించు."

బిగించింది. ఇంజను హాయిగా అందుకుంది. జనం ఈలలు వేశారు. "ఫోన్లోనే నాడి పట్టినాడు పెద్దాయన!" అన్నాడు వరదరాజన్, గొడుగు ఇంకా వదలకుండానే.

కార్తిక క్యాబిన్‌లోకి దూకి, ఫోన్ ముందు పెట్టుకుని లివర్ పట్టుకుంది.

"దిమ్మ ముట్టుకోవద్దు!" ముని మొదటిసారి గొంతు పెంచాడు. "పొద్దున హోసు మార్చినానని చెప్పినావు గదా. బూమ్ చేతిని ఎత్తే ఆయిల్లో కూడా గాలుంటది. బండి వెనక్కి తీయి. ఖాళీ బకెట్‌తో బూమ్ మెల్లగా పైకి, కొసాకు. మెల్లగా కిందికి, కొసాకు."

"మనిషి చస్తా ఉంటే కసరత్తు చేయిస్తావా?" పంకజం ఫోన్ మీద విరుచుకుపడింది.

"ఆయిల్ నలగదక్కా, గాలి నలుగుతాది. గాలున్న బూమ్ దిమ్మను ఎత్తినట్టే ఎత్తి దబ్బున జారుస్తాది. అప్పుడు నిజంగానే పోతాడు."

బూమ్ లేచింది, వణికింది, కుదిపింది. దిగింది. మళ్ళీ లేచింది. జనం బూతులు తిట్టారు. ఒకడు మట్టిపెళ్ళ విసిరాడు. అది క్యాబిన్ అద్దానికి తగిలి చిట్లింది. తిట్టే నోళ్ళకేం, వానకు కప్పల్లా లేస్తాయి. ఆ పిల్ల మాత్రం లివర్ మీది చెయ్యి తీయలేదు, వేగం పెంచలేదు. వణుకు తగ్గుతూ వచ్చింది.

"నైనా, భయంగా ఉంది. ఆయన ఓర్చుకుంటాడా?"

"ఓర్చుకుంటాడు. నువ్వు తొందరపడకుంటే చాలు." బూమ్ ఇంకోసారి లేచి దిగింది. తర్వాత గొంతు ఇంకా సన్నగా వచ్చింది. "ఇప్పుడు కుదుపు పోయింది. పో పాపా. ఉట్టి మీది పాలకుండ దించినట్టు చెయ్యి."

బకెట్ పళ్ళు దిమ్మ కిందికి దూరాయి. దిమ్మ లేచింది. ఒక్క కుదుపు లేదు. బండెడు కాంక్రీటు వానలో అట్లే నిలిచిపోయింది. తిట్టినవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూశారు.

వరదరాజన్ గొడుగు విసిరేసి బురదలోకి దూకాడు. దిమ్మ కింది నుంచి బయటికొచ్చిన చెయ్యి అందుకున్నాడు. ఆ చేతిలోని ఫోన్లోంచి కార్తిక అరుస్తోంది: "ఎత్తినా నైనా! నిలిచింది! నువ్వొచ్చి చూడాల్సింది!"